ఒక్కతే ఉన్న స్త్రీ బొమ్మలో భావం పలికించడం ఎలా: ఎక్స్‌ప్రెషనిస్టుల దారిలో

ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి బొమ్మ వేయమనగానే చాలామంది చెయ్యి నేరుగా కళ్ల దగ్గరికి పోతుంది. కనుబొమలు వంచేసి, పెదవి కిందికి లాగేసి, వీలైతే ఒక కన్నీటి చుక్క కూడా పెట్టేసి, ఇక బాధ వచ్చేసిందనుకుంటారు. రాదు. చూసేవాళ్లకి "ఓహో, ఈవిడ ఏడుస్తోంది" అనే సమాచారం అందుతుంది, అంతే. ఎక్స్‌ప్రెషనిస్టులు, అంటే కంటికి కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు కాకుండా లోపలి భావాన్నే రంగుల్లో గీతల్లో వేయాలనుకున్న చిత్రకారులు, దీన్ని పూర్తిగా తిరగేశారు. వాళ్ల బొమ్మల్లో ముఖం చాలాసార్లు పెద్దగా ఏమీ చెప్పదు, గోడ చెబుతుంది, భుజం చెబుతుంది, గడ్డం కింద పూసిన ఆకుపచ్చ చెబుతుంది. ఆ పని మన చేతికి ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. బొమ్మలు వేయడం కొద్దోగొప్పో వచ్చినవాళ్ల కోసం ఇది. ముక్కు ఎక్కడుంటుందో కళ్లు ఎక్కడుంటాయో తెలిస్తే చాలు, అచ్చుగుద్దినట్టు పోలిక రావాల్సిన పనేం లేదు.

ముందు ఆమె సంగతేంటో తేల్చుకోండి

బ్రష్ పట్టుకోబోయే ముందు ఒక కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాయండి. "బాధగా ఉంది" అని రాస్తే పనికిరాదు, దాంతో చెయ్యి ఎటు కదలాలో తెలీదు. "అనాల్సిన మాట గొంతు దాకా వచ్చింది, మింగేసింది" అని రాయండి. లేదా "అందరూ వెళ్లిపోయారు, హమ్మయ్య అనుకుంటోంది". లేదా "ఎవరో వస్తారని చూసీ చూసీ, ఇప్పుడు రాకపోతేనే బాగుండనుకుంటోంది". ఇందులో ప్రతి వాక్యానికీ ఒంట్లో ఒక చోటు ఉంది చూడండి: మొదటిదానికి గొంతూ దవడా, రెండోదానికి భుజాలూ వీపూ, మూడోదానికి మెడ. ఎక్కడ బిగుసుకుందో ఎక్కడ వదులైందో మీకు తెలిసిపోతే సగం బొమ్మ అయిపోయినట్టే.

ఇంకో సంగతి, ఒక్కతే ఉందంటే దిగులుగా ఉన్నట్టేనని ముందే తీర్మానించేయకండి. పాలా మోడర్సన్-బెకర్ అని జర్మన్ చిత్రకారిణి, 31 ఏళ్లకే 1907లో పోయింది, తన బొమ్మ తనే ఎన్నోసార్లు వేసుకుంది. ఆ బొమ్మల్లో ఒక్కతే ఉంటుంది, కానీ మనకి జాలి కలగదు, పైపెచ్చు ఆమే మనల్ని బేరీజు వేస్తున్నట్టుంటుంది. మీరు రాసుకున్న వాక్యంలో జాలి వాసన గుప్పుమంటుంటే దాన్ని కొట్టేసి ఇంకోటి రాయడం మేలు.

మోడల్ దొరికితే మంచిదే, లేకపోతే అద్దం చాలు. కూర్చున్నవాళ్లని "ముఖం కాస్త దిగులుగా పెట్టు" అని మాత్రం అడక్కండి, నటన మొదలవుతుంది. ఎటు చూడాలో చెప్పి, ఊరికే కూర్చోమని ఒక ఇరవై నిమిషాలు వదిలేయండి. కాసేపు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా ఉంటారు, తర్వాత నడుం జారుతుంది, ఒక భుజం కిందికి దిగుతుంది, చేతులు వాటి పని అవి చూసుకుంటాయి. మనం వేయాల్సింది ఆ మనిషిని. ఫొటో చూసి వేసేవాళ్లైతే దాన్ని చూస్తూ రెండు మూడు స్కెచ్‌లు గీసుకుని, ఫొటో తీసి లోపల పెట్టేసి, స్కెచ్‌ల మీంచే రంగుల్లోకి వెళ్లండి. ఫొటో ఎదురుగా ఉన్నంతసేపూ చెయ్యి దాన్ని కాపీ కొట్టడం మానదు.

పావుగంట కసరత్తు

1905లో డ్రెస్డెన్‌లో కిర్షనర్, హెకెల్, ష్మిట్-రాట్లఫ్, బ్లైల్ అనే నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కలిసి 'డీ బ్రూకె' అని ఒక ఎక్స్‌ప్రెషనిస్టు బృందం పెట్టారు. వాళ్లకి ఒక అలవాటుండేది: మోడల్ చేత పావుగంటకోసారి భంగిమ మార్పించి, ఆ పావుగంటలోనే బొమ్మ తేల్చేయడం. వివరాలు చెక్కుతూ కూర్చోడానికి టైం ఉండదు కాబట్టి, కంటికి మొదట తగిలిన ముఖ్యమైన గీతే కాగితం మీద పడుతుంది. మనం కూడా అదే చేద్దాం. పెద్ద కాగితం, బొగ్గు ముక్క, పావుగంట అలారం, రబ్బరు దగ్గర ఉంచుకోవద్దు. మణికట్టుతో గీస్తే గీతలు ముద్దుగా వస్తాయి, అందుకని నిలబడి, చెయ్యంతా భుజం దగ్గర్నుంచి కదిపి గీయండి. ఐదారు గీసి నేల మీద పరిచి చూస్తే, వాటిలో ఒకటి మీ వాక్యానికి దగ్గరగా ఉంటుంది. తరచుగా అది అందంగా వచ్చినది అయ్యుండదు. దాన్నే తీసుకోండి.

ఆమెని ఎక్కడ కూర్చోబెట్టాలి

ఒంటరితనం అంటే చాలావరకు చోటు సంగతే. కాన్వాస్‌కి సరిగ్గా నడిమధ్యన, చుట్టూ సమానంగా ఖాళీ వదిలి కూర్చోబెడితే గుర్తింపు కార్డు ఫొటో వస్తుంది. కాస్త జరపండి. ఆమె చూస్తున్న వైపు ఖాళీ ఎక్కువుంటే ఎదురుచూపు వస్తుంది. వీపు వెనక ఖాళీ ఎక్కువుండి ముఖం కాన్వాస్ అంచుకి ఆనుకున్నట్టుంటే లోపల ఏదో ఇబ్బంది మొదలవుతుంది, వెనక ఏముందో మనకీ తెలీదు ఆమెకీ తెలీదు. ఖాళీయే లేకుండా నడినెత్తి, మోచేతులు అంచుల దగ్గర తెగిపోయేట్టు పెట్టారనుకోండి, ఊపిరాడనట్టుంటుంది. ఒకే భంగిమతో ఈ మూడూ అగ్గిపెట్టెంత సైజులో గీసి చూసుకోండి, ఐదు నిమిషాల పని.

ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలే 1917లో వేసిన ఒక బొమ్మ ప్రాగ్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఇంటర్నెట్‌లో వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది. ఒక స్త్రీ నేల మీద కూర్చుని, మోకాలు పైకి ముడుచుకుని, దాని మీద చెంప ఆనించి మనవైపు చూస్తుంటుంది. ఆకుపచ్చ పైవస్త్రం, ఎర్రటి జుట్టు, చుట్టూ ఏమీ లేదు. కుర్చీ లేదు, గది లేదు, ఉత్త కాగితం. ఆ ముఖంలో ఏడుపు వెతికితే దొరకదు. తన ఒంటిని తనే ఆసరా చేసుకున్న ఆ ముడుచుకోవడంలోనే ఉందంతా. వేరే మనిషి భుజం మీద ఆనాల్సిన తల తన మోకాలి మీద ఆనింది, ఇంకేం చెప్పాలి. మీ బొమ్మలో కూడా వస్తువులు పెట్టాలనిపించినప్పుడు, అంటే వాడిపోయిన పువ్వు, ఖాళీ కప్పు, కిటికీ అవతల వాన, వీటిలో ఏదైనా చెయ్యి దాకా వస్తే, ముందు ఆ పని ఒంటితో అవుతుందేమో చూడండి. వాన గురించైతే గట్టిగానే చెబుతాను, వద్దు.

సాగదీయడం, వంచడం

ఎక్స్‌ప్రెషనిజం అనగానే అన్నీ వంకర టింకరగా వేసేయడమే అనుకునేవాళ్లున్నారు. కళ్లు పెద్దవి, ముక్కు పొడుగు, మెడ సన్నం, వేళ్లు గోళ్లు అన్నీ సాగదీస్తే వచ్చేది కార్టూన్. ఎక్కడైనా రెండు చోట్ల మాత్రమే కొలత తప్పండి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఆ రెండు చోట్లు ఏవన్నది మీ వాక్యమే చెబుతుంది. మాట మింగేసిన మనిషైతే మెడ అరంగుళం పొడుగు చేసి, దవడని ఒక కోణంలో గట్టిగా కొట్టినట్టు గీయండి. హమ్మయ్య అనుకున్న మనిషికి భుజాలు ఎంత కిందికి జారగలవో అంతకన్నా ఇంకొంచెం జార్చండి.

గీత స్వభావం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డీ బ్రూకె వాళ్లు చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చేసేవాళ్లు. చెక్కలో ఉలి మెత్తగా తిరగదు కాబట్టి గీతలు కోణాలుగా, విరిగినట్టు వచ్చేవి, ఆ కోణాలే వాళ్ల ఆయిల్ బొమ్మల్లోకీ వచ్చాయి. కోపం, బిగుతు, టెన్షన్ లాంటివి కావాలంటే వంపులన్నిటినీ చిన్న చిన్న తిన్నటి గీతలుగా విరగ్గొట్టండి. అలసట కావాలంటే పొడుగాటి వంపు, పైనుంచి కిందికి, మధ్యలో చెయ్యెత్తకుండా.

రంగులు

ఇక్కడ కాస్త ఆగుదాం, అసలు పనంతా ఇందులోనే ఉంది. నీలం పూస్తే దిగులు, ఎరుపు పూస్తే కోపం అనే లెక్క పక్కన పెట్టేయండి. 1888లో వాన్ గో రాత్రిపూట తెరిచి ఉండే ఒక కేఫ్ బొమ్మ వేసి, మనుషుల్లోని భయంకరమైన ఆవేశాలని ఎరుపు ఆకుపచ్చలతో చెప్పాలనుకున్నానని తమ్ముడు థియోకి రాశాడు. గోడలు ఎరుపు, పైకప్పు ఆకుపచ్చ, దీపాలు పసుపు. అంత దిక్కులేనితనం ఉన్న ఆ గదిలో నీలం పెత్తనం ఎక్కడా లేదు. ఒక రంగు తనంతట తను ఏమీ అనదు, పక్కన ఏముందన్నదాన్ని బట్టి మాట్లాడుతుంది.

సరుకు పెద్దగా అక్కర్లేదు. ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరిన్ బ్లూ, విరిడియన్ గ్రీన్, బర్న్ట్ అంబర్, టైటానియం వైట్ ఉంటే చాలు. నలుపు ట్యూబు బదులు అల్ట్రామెరిన్, అంబర్ కలుపుకుంటే లోతుగా ఉంటుంది. బ్రష్‌లు వెడల్పాటివి, బిరుసువి రెండు. సన్నది దాచేయండి, కనబడితే కనురెప్పలు గీయబుద్ధవుతుంది. తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకుండా ముందు పల్చగా ఏదో ఒక రంగు పూసి ఆరనివ్వండి. తర్వాత బ్రష్ దెబ్బకీ దెబ్బకీ మధ్య సందుల్లోంచి ఆ రంగు తొంగిచూస్తుంది, బొమ్మంతటినీ ఒక్కటిగా పట్టి ఉంచేది అదే.

అసలు సూత్రం ఇది: వెలుగు, నీడల లెక్క తప్పనంతవరకు చర్మం ఏ రంగులో వేసినా ముఖం ముఖంలాగే ఉంటుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1905లో భార్య బొమ్మ వేస్తూ నుదుటి నుంచి ముక్కు మీదుగా కిందికి ఒక ఆకుపచ్చ పట్టీ లాగాడు. ఆయన్ని ఎక్స్‌ప్రెషనిస్టుల్లో కలపరు గానీ పాఠం మాత్రం మనకి పనికొస్తుంది. ఆ పట్టీ వెలుగు వైపుకీ నీడ వైపుకీ సరిహద్దుగా సరైన చోట, సరైన ముదురులో పడింది కాబట్టి మనిషి చెడలేదు. మీరు కలిపిన రంగు సరైన ముదురులో ఉందో లేదో తెలియాలంటే కళ్లు సగం మూసి చూడండి, లేదంటే ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. బ్లాక్ అండ్ వైట్‌లో ముఖం నిలబడితే ఊదా రంగు చెంపైనా ఫరవాలేదు.

దవడ దగ్గర ఒక్క అంగుళం తీసుకుని చేసి చూద్దాం. వెలుగు పడిన చెంపకి ఓకర్‌లో తెలుపు, చిటికెడు కాడ్మియం రెడ్. దవడ కింద నీడకి అలవాటుగా గోధుమరంగు వేస్తాం కదా, దాని బదులు విరిడియన్‌లో కొంచెం ఓకర్, బ్రష్ మొనకి అంటినంత అలిజరిన్ కలపండి. ఆ అలిజరిన్ పడకపోతే విరిడియన్ ప్లాస్టిక్ బకెట్‌లా మెరిసి కూర్చుంటుంది. ఇప్పుడు ఆ ఆకుపచ్చని దవడ వెంబడి ఒకే దెబ్బలో పెట్టి, చెంపకీ దానికీ మధ్య అడుగు రంగు నూలుపోగంత కనబడనిచ్చి, ఇక ముట్టుకోకుండా వదిలేయండి. రెండడుగులు వెనక్కి వచ్చి చూస్తే చెంప ఇందాకటికంటే ఎర్రగా కనిపిస్తుంది, దానికి మీరు కొత్తగా ఎరుపు ఏమీ పూయకపోయినా సరే. ఎదురు రంగులు పక్కపక్కన పడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. అదే వాటిని తడి మీద కలిపేస్తే రెండూ చచ్చి బురద మిగులుతుంది. అక్రిలిక్‌లో పల్చటి పొర ఇరవై నిమిషాల్లోపే ఆరుతుంది కాబట్టి ఆగి వేయొచ్చు. ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది, అందుకే అందులో పక్కపక్కన పెట్టడం నేర్చుకోవాలి, ఒకదాని మీద ఒకటి రుద్దడం మానుకోవాలి.

ముఖం అయ్యాక రంగుల్లో తేల్చాల్సింది బట్టకీ గోడకీ ఉన్న సంబంధం. రెండూ ఒకే రంగు కుటుంబంలో, దగ్గర దగ్గర ముదురులో ఉంటే ఆమె గోడలో కలిసిపోతున్నట్టుంటుంది. రెండూ కొట్టుకునేట్టుంటే ఆ చోటు ఆమెది కాదనిపిస్తుంది. ఒంటరితనంలో ఈ రెండు రకాలూ ఉన్నాయి, మీకు కావాల్సింది ఏదో మీ వాక్యంలోనే ఉంటుంది.

ఒకే మనిషి, రెండు బొమ్మలు

మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో మరియానె ఫాన్ వెరెఫ్కిన్ అనే చిత్రకారిణి బొమ్మలు రెండున్నాయి. ఒకటి 1909లో స్నేహితురాలు గాబ్రియేలె మ్యూంటర్ వేసింది: పెద్ద పూల టోపీ, వెనక పసుపు, భుజం మీంచి తిరిగి చూసే మనిషి, చూడగానే ప్రాణం లేచొస్తుంది. రెండోది 1910 ప్రాంతంలో ఆమే తన బొమ్మ తను వేసుకుంది. అప్పటికి యాభై ఏళ్లుంటాయి. అందులో కంటిపాపలు ఎర్రగా ఉంటాయి. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు కావవి, నల్లగానో నీలంగానో ఉండాల్సిన చోటే ఎరుపు పెట్టింది. నోరు మూసే ఉంది, కనుబొమలు మామూలుగానే ఉన్నాయి, కానీ ఆ చూపు ముందు ఎక్కువసేపు నిలబడలేం. రెండు బొమ్మలూ పక్కపక్కన తెరుచుకుని చూడండి, ఏది మార్చితే ఏం మారిందో కాగితం మీద రాసుకోండి. నా దృష్టిలో ఈ ఒక్క పని చాలా పుస్తకాల పెట్టు.

కళ్లు, నోరు, చేతులు

కంటిపాపలో పెట్టే ఆ చిన్న తెల్ల చుక్క ఉంది చూశారూ, దాన్ని తీసేయండి. ఆ చుక్క ఉంటే చూపు బయటికి, మనవైపు వస్తుంది, లేకపోతే లోపలికి పోతుంది. రెండు కళ్లూ ఒకేలా వేయకండి, ఒక కన్ను నీడలో కొంచెం పోనివ్వండి. కంటి తెల్లగుడ్డుకి ట్యూబులోంచి తీసిన తెలుపు వాడొద్దు, బూడిదలో కొంచెం ఆకుపచ్చో ఊదానో కలపండి. రష్యాలో పుట్టిన చిత్రకారుడు యవ్లెన్‌స్కీ చివరి రోజుల్లో కీళ్లనొప్పులతో చేతులు పట్టు తప్పి, 1934 నుంచి 1937 దాకా వందలకొద్దీ చిన్న చిన్న ముఖాలు వేశాడు. వాటిలో ముక్కు ఒక నిలువు దెబ్బ, కనుబొమలు ఒక అడ్డ దెబ్బ, కళ్లు మూసుకుని ఉంటాయి. ముఖం అంత తక్కువకి దిగినా భావం పోదు, వివరాలు తగ్గించడానికి భయపడనక్కర్లేదు.

నోరు ఆఖరున, ఒకే దెబ్బలో. బాగోకపోతే తుడిచేసి మళ్లీ ఒకే దెబ్బ, సరిదిద్దుకుంటూ పోతే పెదవి ఉబ్బిపోతుంది.

చేతుల్ని మాత్రం ఎగ్గొట్టకండి, కష్టమని చెప్పి కాన్వాస్ కిందికి తోసేసేవాళ్లే ఎక్కువ. ముఖం అబద్ధం ఆడగలదు, చేతులకి ఆ విద్య రాదు. జర్మన్ చిత్రకారిణి కేటె కోల్విట్జ్ 1910లో వేసుకున్న స్వీయచిత్రం ఒకటుంది, రంగు లేని ఎచింగ్ (లోహపు రేకు మీద గీతలు తినిపించి వేసే అచ్చు), నుదుటికి ఆనించుకున్న చెయ్యి, అంతే. ఆ చెయ్యి బరువు చూస్తే చాలు, ఇంకేమీ అడగాలనిపించదు. వేళ్లు విడివిడిగా వేయడం రాకపోతే ముందు చేతిని ఒక ముద్దగా వేసి, కణుపుల దగ్గర మాత్రం నాలుగు ముదురు గీతలు పెట్టండి. బిగింపు కణుపుల్లోనే కనబడుతుంది.

గీకండి

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ అక్క సోఫీ 1877లో క్షయతో పోయింది. ఆ జ్ఞాపకంతో అతను 1885-86లో 'జబ్బుపడ్డ పాప' బొమ్మ వేశాడు. వేసి, గీకేసి, మళ్లీ వేసి, మళ్లీ గీకి, బొమ్మ ఒళ్లంతా గాట్లే. ఆ గాట్లని దాచలేదు. మనకి దీంట్లో పనికొచ్చేదేంటంటే, ముఖం మరీ నున్నగా, బొమ్మకొలువులో బొమ్మలా తయారవుతున్నప్పుడు ఇంకో పొర పూయడం కంటే ఒక పొర లాగేయడం మేలు. పాలెట్ నైఫ్ అంచుతోనో బ్రష్ వెనక పుల్లతోనో తడి రంగులోకి గీస్తే అడుగు రంగు బయటపడుతుంది. ఆయిల్‌లో మర్నాడు కూడా గీకొచ్చు, అక్రిలిక్‌లో నిమిషాల్లో తేల్చాలి, లేకపోతే ఆరాక గరుకు కాగితంతో రుద్దాలి. జుట్టు, నేపథ్యం, బట్టల్లో ధైర్యంగా గీకండి, ముఖంలో మాత్రం ఒకట్రెండు చోట్లే.

నేపథ్యంలో దెబ్బలు ఎటు పోతున్నాయన్నది కూడా చూసుకోండి. అడ్డంగా పోతే కుదురు, ఏటవాలుగా పోతే కదలిక, ఆమె తల చుట్టూ తిరుగుతుంటే కంగారు. ఒకచోట, భుజం దగ్గరైతే బాగుంటుంది, గోడ రంగుని ఆమె అంచు మీదికి రానివ్వండి.

అయిపోయిందనుకున్నాక ఎవరికైనా చూపించి "ఎలా ఉంది" అని మాత్రం అడక్కండి, బాగుందంటారు. "ఈవిడ ఇప్పుడు ఏం చేయబోతోంది" అని అడగండి. లేచి వెళ్లిపోతుందనో, ఎవర్నో తిడుతుందనో, ఇంకో గంట ఇలాగే కూర్చుంటుందనో ఏదో ఒకటి చెబితే, అది మీ వాక్యానికి దూరంగా ఉన్నా సరే, బొమ్మ పనిచేస్తోంది. "పాపం" అన్నారంటే మాత్రం ముఖం ఎక్కువ మాట్లాడుతోందని అర్థం. కనుబొమల మధ్య గీతలు తుడిచేసి, నోటిని తిన్నగా చేసి, ఆ తీసేసినదంతా చేతుల్లోకీ గోడలోకీ సర్దండి. "ఏమో, ఏం తెలీట్లేదు" అన్నారనుకోండి, భంగిమ బలంగా లేదన్నమాట, దాన్ని రంగులతో బాగుచేయడం కుదరదు, పావుగంట స్కెచ్‌ల దగ్గరికి వెళ్లి ఇంకోటి ఎంచుకుని కొత్త కాన్వాస్ మీద మొదలుపెట్టండి. మంక్ ఆ జబ్బుపడ్డ పాపని నలభై ఏళ్లలో ఆరుసార్లు పెయింట్ చేశాడు, మీరు రెండోసారి వేయడానికి మొహమాటపడనక్కర్లేదు.